చిల్లు పడ్డ చక్రవర్తి

పిఠాపురంలో మా అమ్మమ్మ కాసులపేరు మీద లక్ష్మీదేవి ఉండేది కాదు, విక్టోరియా రాణి ఉండేది. పదకొండు సవరన్లు, మధ్యమధ్యలో బంగారు గుళ్ళు. కొన్ని కాసుల మీద రాణి పడుచుపిల్ల. రెండింటి మీద ముసుగేసుకున్న ముసలావిడ. ఒకదాని మీద గడ్డం రాజుగారు, ఐదో జార్జి. ప్రతి కాసు నెత్తినా చిన్న బంగారు కొంకి అతికించి ఉండేది. అమ్మమ్మకి వీళ్ళెవరో తెలీదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు. పెళ్ళిళ్ళకి పెట్టె తీసి మెళ్ళో వేసుకునేటప్పుడు ఒక్కటే చూసుకునేది: బొమ్మలన్నీ నిటారుగా, బయటికి చూస్తున్నాయా లేదా అని.

ఆవిడ పోయాక ముగ్గురు కూతుళ్ళకి వాటా వేయాల్సి వచ్చింది. పదకొండుని మూడుతో భాగిస్తే మిగిలేది గొడవే కాబట్టి కరిగించేద్దామన్నారు. కంసాలి దుకాణానికి అమ్మతో పాటు నేనూ వెళ్ళాను. ఫోనులో ఒక్కో కాసునీ రెండు వైపులా ఫొటో తీసుకుంటుంటే ఆయన నవ్వి, “బొమ్మకేముందండి బాబూ, బరువుకేనండి,” అన్నాడు. కొంకీల దగ్గర టంకం వేసిన చోట బంగారం మచ్చు తగ్గుతుంది, దానికి తరుగు తీస్తానని కూడా చెప్పాడు. ఆయన లెక్కలో తప్పేమీ లేదు. నాకే ఆ మాట వదల్లేదు.

ఎందుకంటే దాదాపు రెండువందల నలభై ఏళ్ళ కిందట నెల్లూరి దగ్గర కూడా ఎవరో ఒక కంసాలి ఎవరో ఒక రైతుతో ఇలాంటి మాటే అని ఉంటాడు. 1785-86లో మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఆ కథ రాసిపెట్టాడు. కలకత్తా నుంచి వెలువడిన ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ రెండో సంపుటంలో అది అచ్చయింది. ఒక రాళ్ళగుట్ట పక్కన రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకల కట్టడం అడ్డం పడింది. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత. ముంత నిండా రెండో శతాబ్దపు రోమన్ నాణేలూ పతకాలూ, అన్నీ మేలిమి బంగారం. రైతు వాటిని పాత బంగారం లెక్కన అమ్మేశాడు. చాలా వరకు కరిగిపోయే ఉంటాయని డేవిడ్‌సన్ అనుకున్నాడు. ఆర్కాటు నవాబు కొడుకు అమీరుల్ ఉమరా మాత్రం ముప్ఫైకి పైగా తిరిగి సంపాదించగలిగాడు. వాటిలోంచి రెండు ఏరుకోమంటే గవర్నరుగారు ఒక హేడ్రియన్‌నీ ఒక ఫౌస్టీనానీ తీసుకున్నాడు.

ఆయన రాసినదాంట్లో నన్ను పట్టుకున్న సంగతి ఇంకొకటుంది. కొన్ని నాణేలు నిన్ననే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. కొన్ని మాత్రం బాగా అరిగి, చిల్లులు పడి ఉన్నాయి. వీటిని చేతికో మెడకో నగలుగా వేసుకుని ఉంటారని ఆయన ఊహించాడు. నాణేల వేలంపాటల్లో ఇలాంటివాటికి ధర తగ్గుతుంది. ‘చిల్లు పడింది’ అంటే పాడైందని అర్థం. మనకీ చిల్లిగవ్వ అంటే విలువలేనిదే కదా. ఈ వ్యాసం ఆ చిల్లుల గురించి.

ముందు ఆ నాణేల మీద ఉన్నవాళ్ళు ఏం చెప్పదలిచారో చూద్దాం. రోమన్ బంగారు నాణేన్ని ఆరియస్ అంటారు. 25 వెండి దెనారియస్‌లకి ఒక ఆరియస్. అగస్టస్ కాలంలో సామాన్య సైనికుడి జీతం ఏడాదికి 225 దెనారియస్‌లు, అంటే 9 బంగారు నాణేలు. ఒకవైపు చక్రవర్తి తల, చుట్టూ ఆయన బిరుదులు. రెండోవైపు ఆయన చెప్పుకోవాలనుకున్న మాట: విజయం, శాంతి, ధాన్యసమృద్ధి, పోయాక దేవతగా మారిన భార్య. ఆంటొనైనస్ పయస్ భార్య పెద్ద ఫౌస్టీనా క్రీ.శ. 140 ప్రాంతంలో చనిపోయింది. ఆమెను దేవతగా ప్రకటించి, ‘శాశ్వతత్వం’ అనే మాటతో ఆమె బొమ్మ నాణేలు విస్తారంగా వేశారు. వార్తాపత్రికలు లేని కాలంలో రోజూ చేతులు మారే వార్త అది.

పతకం సంగతి వేరు. అది సంతలో ఖర్చుపెట్టడానికి చేసింది కాదు. హేడ్రియన్ కాలం నుంచి పెద్ద కంచు పతకాలు క్రమం తప్పకుండా వేయడం మొదలైంది. తర్వాత రెండు, నాలుగు, పది నాణేల ఎత్తు బంగారు పతకాలూ వచ్చాయి. కొత్త సంవత్సరానికో, పట్టాభిషేక వార్షికోత్సవానికో, యుద్ధం గెలిచినప్పుడో చక్రవర్తి తన పెద్ద అధికారులకీ సేనానులకీ ఇచ్చే కానుక ఇది. 1922లో ఫ్రాన్స్‌లోని ఆరాస్ ఊరి పక్కన దొరికిన బంగారు పతకం ఇందుకు గొప్ప ఉదాహరణ. క్రీ.శ. 296లో కాన్‌స్టాంటియస్ బ్రిటన్‌ని తిరిగి గెలుచుకున్నాడు. పతకం మీద ఆయన గుర్రమెక్కి వస్తుంటాడు. లండన్ నగరం ఒక స్త్రీ రూపంలో కోట గుమ్మం దగ్గర మోకరిల్లి చేతులు చాపుతుంది. నిత్యమైన వెలుగుని తిరిగి తెచ్చినవాడని ఆయన్ని పొగుడుతూ చుట్టూ అక్షరాలు. లండన్‌లో ఆరోజు నిజంగా మోకరిల్లిన వాళ్ళెందరో, పారిపోయిన వాళ్ళెందరో పతకం చెప్పదు. రాజు చెప్పించుకున్న చరిత్ర అంతే ఉంటుంది.

ఇలాంటి పతకాలు సామ్రాజ్యం సరిహద్దులు దాటి కూడా వెళ్ళాయి. ఇప్పటి రుమేనియాలో 1797లో ఒక నిధి బయటపడింది. అందులో వాలెన్స్ చక్రవర్తి పెద్దపెద్ద బంగారు పతకాలున్నాయి. ఇప్పుడవి వియన్నా మ్యూజియంలో ఉన్నాయి. సరిహద్దు అవతలి జర్మానిక్ తెగల నాయకులు వాటికి అంచులు కట్టించి, కొంకీలు వేయించి మెడలో వేలాడదీసుకున్నారు. చక్రవర్తి నన్ను గుర్తించాడు, నేనతని మిత్రుణ్ణి అని ఆ మెడ చెప్పింది. అదే వాలెన్స్ 378లో గోతుల చేతిలో యుద్ధంలో చచ్చిపోయాడన్నది వేరే సంగతి.

మరి నెల్లూరి దగ్గర మెడ ఏం చెప్పింది? ఇక్కడి వాళ్ళకి రోమన్ చక్రవర్తి కానుకలు ఇవ్వాల్సిన అవసరం లేదు. ఆ బంగారం వ్యాపారంలో వచ్చింది. మిరియాలు, ముత్యాలు, సన్నని నూలు బట్ట తీసుకుని రోమ్ తన నాణేలు ఇచ్చింది. క్రీ.శ. మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన ‘పెరిప్లస్’ అనే సముద్రయాన గ్రంథం మన తీరాన్ని మసాలియా అని పిలిచి, అక్కడ సన్నని బట్ట విస్తారంగా తయారవుతుందని చెప్పింది. అది కృష్ణా గోదావరి ముఖద్వారాల ప్రాంతమేనని పండితుల అభిప్రాయం. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులు లాగేస్తోందని ప్లినీ వాపోయాడు. వంద సెస్టర్సులకి ఒక ఆరియస్ కాబట్టి, అది 5 లక్షల బంగారు నాణేల విలువ. మొత్తం బంగారంలోనే ఇచ్చారనుకుంటే, నీరో తగ్గించాక ఉన్న తూకం ప్రకారం దాదాపు మూడున్నర టన్నులు. ప్లినీ అంకె అతిశయోక్తే కావచ్చు. కానీ మన నేల అతన్ని మరీ అబద్ధాలకోరుని చేయలేదు. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో ఒకేచోట 1531 వెండి దెనారియస్‌లు దొరికాయి. గుంటూరు ప్రాంతపు వినుకొండ నిధిలో టైబీరియస్ మొదలుకొని కారకల్లా దాకా రాజుల బంగారు నాణేలున్నాయి.

వినుకొండ దగ్గర ఒక్క క్షణం ఆగుదాం. టైబీరియస్ 37లో చనిపోయాడు. కారకల్లా హత్యకి గురైంది 217లో. ఒకే నిధిలో 180 ఏళ్ళు! రోమ్‌లో అయితే పాత నాణేలు త్వరగా మాయమవుతాయి. నీరో 64 ప్రాంతంలో ఆరియస్ బరువు తగ్గించాక పాత బరువైన నాణేన్ని ఎవడూ ఖర్చుపెట్టడు, కరిగిస్తాడు. ఇక్కడ మాత్రం పాతదీ కొత్తదీ కలిసి ఉన్నాయి. తాతల నాటి కాసు పక్కన తండ్రి ఒకటి చేర్చి, కొడుకు మరొకటి చేర్చితే ఇలాగే ఉంటుంది. మా అమ్మమ్మ పేరులో పడుచు విక్టోరియా పక్కన ఐదో జార్జి చేరినట్టు. ఇది నా ఊహే. కానీ ఇంట్లో బంగారం ఎలా పోగవుతుందో చూసిన వాళ్ళెవరికీ ఇది వింతగా తోచదు.

పరాయి రాజు ముఖం చేతికొచ్చినప్పుడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకి దక్షిణ భారతం ఒకటి కాదు, కనీసం మూడు జవాబులిచ్చింది.

మొదటిది గాటు. 1898లో తమిళనాడులోని పుదుక్కోట్టై దగ్గర 501 రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిలో అత్యధిక భాగానికి చక్రవర్తి తల మీద ఉలితో అడ్డంగా ఒక గాటు ఉంది. ఇక నుంచి ఇది నాణెం కాదు, వట్టి బంగారం అని చెప్పడానికే అలా చేశారని చాలామంది అంటారు.

రెండోది ముద్ర మీద ముద్ర. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలు దొరికాయి. అన్నీ క్షత్రప రాజు నహపాణుడివి, తల బొమ్మతో, గ్రీకు అక్షరాలతో. వాటిలో దాదాపు మూడింట రెండొంతుల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన చైత్యం గుర్తునీ ఉజ్జయినీ గుర్తునీ కొట్టించాడు. కరిగించి కొత్తవి పోయించలేదు. ఓడిన వాడి ముఖం కింద కనిపిస్తూ ఉండగానే, పైన గెలిచిన వాడి గుర్తు. ఆ తర్వాత శాతవాహనులే తమ తల బొమ్మలతో వెండి నాణేలు వేయించారు. ఒకవైపు ప్రాకృతం, రెండోవైపు ద్రావిడ భాషలో రాజు పేరు. అది పాత తమిళమా, పాత తెలుగా అని పండితుల వాదన ఇంకా సాగుతూనే ఉంది. తూర్పు తీరంలో రెండు తెరచాప కొయ్యల ఓడ బొమ్మతో సీసపు నాణేలూ వేశారు. ఆ వంశపు చివరి రాజుల్లో ఒకడైన చందసాతి శాసనం మా పిఠాపురం పక్కనే, గొల్లప్రోలు మండలం కొడవలిలో ఉంది. అక్కడ బౌద్ధ శిథిలాలున్న చోటుని జనం ధనందిబ్బలంటారు. పాత ఇటుక ఎక్కడ కనబడినా కింద ముంత ఉంటుందని నమ్మే దేశం మనది. నెల్లూరి రైతు లాంటి వాళ్ళు ఆ నమ్మకాన్ని అప్పుడప్పుడూ నిజం చేస్తూ వచ్చారు.

మూడో జవాబే చిల్లు. మన దేశంలో దొరికిన చిల్లుల ఆరియస్‌లలో తరచుగా రెండు చిల్లులు పక్కపక్కన, చక్రవర్తి నడినెత్తికి పైన ఉంటాయి. ఒకే చిల్లు వేస్తే కాసు తిరిగిపోతుంది. రెండు వేసి దారం గుచ్చితే ముఖం బయటికే ఉంటుంది, తల నిటారుగా ఉంటుంది. వట్టి బంగారమే కావాలనుకునే వాడికి ఈ శ్రద్ధ అక్కర్లేదు. చిల్లు వేసిన కంసాలి ముందు నాణేన్ని చేతిలో తిప్పి, పై ఏదో కింద ఏదో చూసుకుని, ముఖం చెడకుండా చోటు వెతికాడు. లాటిన్ అక్షరం ఒకటో రెండో పోతే పోనీ అనుకున్నాడు. అక్షరాలు అతనికి అంచు మీది అల్లిక మాత్రమే. ముఖం మాత్రం కావాలి.

ఎందుకు కావాలి? ఆ చక్రవర్తి మీద భక్తితో కాదు, హేడ్రియన్ ఎవరో ఇక్కడ ఎవరికీ పట్టలేదు. దూరం నుంచి వచ్చింది, అచ్చు గుద్దినట్టుంది, పక్కింట్లో లేదు. బహుశా అంతే. ఆ మోజు బంగారం కొనలేని వాళ్ళలోనూ ఉందనడానికి తెలంగాణలోని కొండాపూర్ సాక్ష్యం. 1940ల మొదట్లో యాజ్దానీ ఆధ్వర్యంలో అక్కడ తవ్వినప్పుడు టైబీరియస్ నాణేన్ని అనుకరించిన మట్టి పతకాలు దొరికాయి. మట్టికి బరువు విలువేముంటుంది? అక్కడ బేరం పూర్తిగా బొమ్మకే. మా ఊరి కంసాలి సూత్రాన్ని రెండువేల ఏళ్ళ ముందే ఎవరో తలకిందులు చేసి చూపించారన్నమాట.

నాణేలతో పాటు వాటి పేరూ వచ్చి ఇక్కడే స్థిరపడింది. దెనారియస్ దీనారం అయింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనంలో ఉజ్జయిని నుంచి వచ్చిన రాణి రుద్రధర భట్టారిక ఒక స్తంభంతో పాటు 170 ‘దీనారి మాషకాలు’ దానమిచ్చిందని ఉంది. వెయ్యేళ్ళ తర్వాత శ్రీనాథుడి పేరున చెప్పుకునే చాటువులో ఆయన స్నానమాడింది దీనార టంకాలతోనే. ‘టంకం’ అంటే నాణెం. నాణేలు ముద్రించే చోటు టంకశాల. కొంకీ అతికించడానికి కంసాలి వాడేదీ టంకమే. రాజు పనికీ కంసాలి పనికీ తెలుగు ఒకే మాట వాడుకుంది.

దీనారం మా పిఠాపురం దాకా మరో రూపంలో వచ్చింది, ఈసారి దండుతో. గుప్తులు తమ బంగారు నాణేల్ని దీనారాలనే అన్నారు. నాలుగో శతాబ్దంలో సముద్రగుప్తుడు దక్షిణాదిన ఓడించిన రాజుల జాబితా అలహాబాదు స్తంభం మీద చెక్కించాడు. అందులో పిష్టపురపు మహేంద్రుడున్నాడు. పిష్టపురమంటే పిఠాపురమే. పట్టుకుని, వదిలేసి, అనుగ్రహించానని గెలిచినవాడి మాట. అదే సముద్రగుప్తుడు అశ్వమేధం చేసి, ఒకవైపు యూపస్తంభం ముందు నిలబడ్డ గుర్రం, మరోవైపు వింజామర పట్టిన రాణి ఉన్న బంగారు దీనారాలు వేయించాడు. బ్రాహ్మణులకి దక్షిణగా ఇవ్వడానికి చేసిన పతకాలే ఇవని చాలామంది నాణెశాస్త్రజ్ఞులు భావిస్తారు. ఆరాస్ పతకం మీద మోకరిల్లిన లండన్ ఉన్నట్టే, ఈ గుర్రం వెనక కూడా ఓడిన ఊళ్ళ వరస ఉంది. అందులో మాదొకటి. గెలిచినవాడి బొమ్మ బంగారం మీద మిగిలింది. మా మహేంద్రుడి ముఖం ఏ లోహం మీదా లేదు. శత్రువు జాబితాలో పేరుంది, అంతే.

అందుకే నాణేలూ పతకాలూ చూస్తే రాజులు మాత్రమే కనిపిస్తారు. వాటిని చేసిందీ అందుకే. ఆ చిన్న బిళ్ళ మీద రాజు కాని మనిషి చెయ్యి పడిన చోటు ఏదైనా ఉందంటే, అది గాటు లేదా చిల్లు. నెల్లూరి ముంతలోని అరిగిపోయిన కాసు మీద ట్రేజన్ గురించి రోమ్‌కి తెలియనిదేమీ లేదు. అది ఎవరి మెడ మీదో ఏళ్ళ తరబడి చెమటకి అరిగిందనీ, ఇక్కడి కంసాలి ఒకాయన తలకి చిల్లు పడకుండా జాగ్రత్త పడ్డాడనీ ఆ చిల్లు ఒక్కటే చెబుతుంది. రోమన్ నాణెం మీద తెలుగువాళ్ళు రాసిన ఒకే ఒక్క వాక్యం అది. మనం దాన్ని పాడైపోవడం అంటున్నాం.

నెల్లూరి నిధి బయటపడ్డ తొంభై ఏళ్ళకి, 1878లో నిధుల చట్టం వచ్చింది. భూమిలో పది రూపాయలకి మించిన విలువైనదేది దొరికినా కలెక్టరుకి చెప్పాలి. చెబితే పోతుందని భయపడ్డ వాడికి అప్పుడూ ఇప్పుడూ దారి కంసాలి కుంపటే. చిల్లుని పట్టించుకోని కలెక్షన్ మోజు కంటే, చట్టానికి జడిసిన రైతు కంటే, ‘బరువుకేనండి’ అన్న మామూలు మాట ఎక్కువ చరిత్రని కరిగించింది. నేనా మాటని తప్పుపట్టలేను. ముగ్గురు అక్కచెల్లెళ్ళ మధ్య వాటా తేలాలంటే బరువే న్యాయం. బొమ్మని ముక్కలు చేయలేం కదా.

ఒక లెక్క మాత్రం చెప్పి ముగిస్తాను. గోదావరి జిల్లాల్లో బంగారాన్ని ఇప్పటికీ కాసుల్లో చెప్పుకుంటాం. కాసంటే 8 గ్రాములు. అది ఇంగ్లీషు సవరను బరువు, 7.98 గ్రాములు, నుంచి వచ్చిన లెక్క. అగస్టస్ నాటి ఆరియస్ బరువు కూడా ఎనిమిది గ్రాములకి కొంచెం తక్కువ. రెండింటికీ సంబంధం లేదు, వట్టి కాకతాళీయం. కానీ వేదకాలంలో మెడలో వేసుకునే నగ పేరైన నిష్కం తర్వాత నాణెం పేరైన దేశంలో, నాణెం మళ్ళీ మెడకెక్కడం కాకతాళీయం కాదు. పంటలు పోయినప్పుడు తాకట్టుకి, పెళ్ళిళ్ళప్పుడు గొప్పకి, ఆడపిల్లకి తనదంటూ ఒకటి ఉండడానికి మన బ్యాంకు మెడే. రాజులు మారుతుంటే ఆ బ్యాంకు ముఖాల్ని మార్చుకుంటూ వచ్చింది, పద్ధతి మార్చుకోలేదు.

పది కాసులు కరిగాయి. పదకొండోది, ముసుగేసుకున్న రాణిది, అమ్మ తన వాటాలో కాసుగానే ఉంచుకుంది. మా తమ్ముడు నెట్‌లో చూసి, కొంకీ తీయించి శుభ్రం చేయిస్తే కలెక్టర్లు ఎక్కువిస్తారన్నాడు. అది నిజమే కావచ్చు. వద్దన్నాను. రాణి బొమ్మలు ప్రపంచంలో లక్షలున్నాయి. ఆ కొంకీ అమ్మమ్మది.